తెరకీ వేళ్ళకీ మధ్య

మా ఇంట్లో వైఫై రౌటరు దేవుడి అరలో, వినాయకుడి పక్కన ఉండేది. ఇంట్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు అదేనని కనెక్షన్ ఇచ్చినతను అక్కడ బిగించి వెళ్ళాడు. అమ్మ రోజూ దానికీ ఓ పువ్వు పెట్టేది. పువ్వు పెట్టినా సరే, ఆదివారం పొద్దున్న మా మ్యాచ్ మొదలయ్యే వేళకి నెట్ నీరసపడిపోయేది. తెర మీద నా బొమ్మ గోడ పక్కన తడబడుతూ నిలబడేది, అవతలివాడు తాపీగా వచ్చి కాల్చి పోయేవాడు.

నాకసలే ఓపిక తక్కువ. లిఫ్టు రాకపోతే నాలుగంతస్తులూ మెట్లెక్కేస్తాను. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేను. అలాంటిదాన్ని, చావడానికి కూడా ఎదురుచూడాలంటే నా వల్ల కాలేదు.

ఆన్‌లైన్ తుపాకుల ఆటలో మాది అయిదుగురు ఆడపిల్లల జట్టు. కెప్టెన్ ఝాన్సీది హనుమకొండ, ప్రత్యూషది రాజమండ్రి, ఇంకో ఇద్దరు హైదరాబాదు. నేను, శాంభవిని, విశాఖపట్నం అక్కయ్యపాలెంలో కూర్చుని ఆడతాను. కోటలోకి మొదట దూకేది నేను. నా వెనక మిగతావాళ్ళు వస్తారు. నాలుగేళ్ళుగా ఆడుతున్నాం, ఒక్కసారైనా కొలంబోలో జరిగే ఫైనల్స్‌కి వెళ్ళాలన్నది అయిదుగురి పిచ్చీ.

మా ఆటగాళ్ళలో ఒక ఆచారం ఉంది. గురి తప్పితే ఎవరూ గురి తప్పిందని అనరు. ల్యాగ్ అంటారు. మనం నొక్కినదానికీ తెర మీద జరిగేదానికీ మధ్య ఆలస్యమన్నమాట. ఓడిపోతే ల్యాగ్, చచ్చిపోతే ల్యాగ్, నిద్రమత్తులో ఆడినా ల్యాగే. అవతలివాళ్ళు కూడా మర్యాదగా ఒప్పుకుంటారు, రేపు వాళ్ళకీ ఆ మాట అవసరపడుతుంది గనక.

"శాంభవీ, నీ నెట్‌కు ఏమైందే? మల్ల ఆగినవ్," అనేది ఝాన్సీ హెడ్‌ఫోనులో.

"రౌటరు మార్పిస్తానే."

"ఎన్నిసార్లు మారుస్తవ్?"

మార్చిలో మా అక్క వైదేహి రంగంలోకి దిగింది. అక్క చదివింది రేడియో తరంగాల గురించే. ఫోనులో సిగ్నల్ కొలిచే యాప్ పెట్టుకుని గది గదీ తిరిగి, హాల్లో బీరువా ముందు ఆగింది. "దేవుడికీ నీకూ మధ్య ఇది అడ్డమే. అంత ఇనుము దాటి సిగ్నల్ ఎలా వస్తుంది?" అంది. ముగ్గురం కలిసి బీరువా జరిపాం. దాని వెనక, ఎప్పుడో పోయిందని అమ్మ పనిమనిషిని అనుమానించిన వెండి కుంకుమభరిణె దొరికింది గానీ నెట్ దొరకలేదు.

తర్వాత మైక్రోవేవ్ మీద పడ్డాం. అది తిరుగుతున్నంతసేపూ మా సిగ్నల్ మీద రొద పెడుతుందట. మ్యాచ్ జరిగేటప్పుడు సాంబారు వేడిచెయ్యకూడదని అమ్మకి ఆర్డరేశాను. "నీ తుపాకుల కోసం నేను చల్లారింది తినాలా?" అని గొణిగింది, తిన్నది కూడా. అపార్టుమెంటులో సగం రౌటర్లు ఒకే ఛానెల్ మీద కుమ్ముకుంటున్నాయని అక్క మాది మార్చింది. రౌటరుని దేవుడి అరలోంచి దింపి నా గది గుమ్మం మీద పెట్టింది. కొంచెం నయమైనట్టే ఉండి, మే నెలకల్లా మళ్ళీ మొదటికొచ్చింది. నేను కీబోర్డు మీద గుద్దడం మొదలుపెట్టాను.

అప్పుడు అక్క తన పెట్టె తెచ్చింది.

పెదవాల్తేరులో మూతపడ్డ ఓ ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద రెండు గదుల్లో అక్కకీ, ఆమెతో చదువుకున్న రఘురామ్‌కీ ఒక చిన్న ప్రయోగశాల ఉంది. హార్బరులో పెద్ద పెద్ద క్రేన్లని ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని నడపడానికి వాళ్ళు ఓ పరికరం చేస్తున్నారు. మనిషి మీట లాగాక ఆ సంగతి క్రేనుకి చేరడం ఒక్క రెప్పపాటు ఆలస్యమైనా, గాల్లో వేలాడే కంటెయినర్ ఊగిపోతుంది. ఆ ఆలస్యాన్ని మింగేసే పెట్టె అది. టిఫిను క్యారియరంత ఉంది, ముందువైపు ఒక చిన్న దీపం.

"రెండు వారాలు ఊరికే నువ్వాడుతుంటే చూస్తుంది," అంది అక్క వైర్లు పెడుతూ. "దీని కవల ఒకటి చెన్నైలో మీ ఆట సర్వర్లున్న భవనంలో పెట్టాం. నీ నొక్కుడు దారిలో ఇరుక్కుందనుకో, అది వచ్చేదాకా ఆ కవల ఆగదు. నువ్వేం నొక్కుతావో అది ముందే నొక్కేస్తుంది. ఎంత ఆలస్యమైతే అంత ముందుకి పరిగెడుతుంది. నీది వచ్చాక రెండూ సరిచూసుకుంటుంది."

"తేడా వస్తే?"

"నీ మాటే నెగ్గుతుంది. అయినా నీకు తేడా ఎందుకొస్తుందే? ఎప్పుడూ ఒకటే ఆట నీది. గుమ్మం కనపడితే దూకుతావు."

"ఆ దీపమేంటి?"

"అది ముందుకి పరిగెడుతున్నప్పుడు వెలుగుతుంది. నెట్ బాగుంటే ఆరిపోతుంది."

జూన్ చివర్లో మొదటిసారి దాంతో ఆడాను. దీపం మిణుకు మిణుకుమంటోంది, తెర మీద నా బొమ్మ నేననుకున్నదే తడవుగా కదులుతోంది. ఎన్నాళ్ళనించో నోట్లో ఇరుక్కున్న పీచు ఊడొచ్చినంత హాయిగా ఉంది. ఆ రోజు మొదలు వరసగా గెలిచాం. "నెట్ అంటే గిట్లుండాలె," అంది ఝాన్సీ. సెప్టెంబరుకల్లా సెమీఫైనల్స్‌కి వచ్చేశాం.

ఆట బాగుపడింది, మిగతావన్నీ పాడయ్యాయి. నేను పనిచేసేది పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో. పెళ్ళికొడుకు తాళి కట్టిన చాలాసేపటికి గట్టిమేళం వినపడుతోందని ఒక పార్టీవాళ్ళు గొడవపెట్టారు. ఎక్కడ కలపాలో చెవితో విని అక్కడ నొక్కడమే నా పని, కొన్నేళ్ళుగా చేస్తున్నదే. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ చెత్తగా ఉందని ఓనరుకి చెప్పాను. ఆ తర్వాత జగదాంబ జంక్షన్‌లో ఎర్రదీపం పడితే నా స్కూటీ వెళ్ళి ముందున్న ఆటోని తగిలింది. మెకానిక్ బ్రేకు చూసి బాగానే ఉందన్నాడు. వాడికి పని రాదని వేరేవాడి దగ్గర బ్రేకు వైరు మార్పించాను. ఫోను తాకితే సరిగ్గా పలకట్లేదని, ఫోనూ మార్చాను.

"ఇంట్లో ఏ వస్తువూ నీకు నచ్చట్లేదేంటే ఈమధ్య?" అంది అమ్మ.

"అన్నీ స్లో అమ్మా. నాకు మండుతోంది."

అక్టోబరులో మా వీధికి ఫైబరు కేబులొచ్చింది. కంపెనీ మనిషి కిటికీలోంచి వైరు లాగి తిన్నగా నా కంప్యూటరు పక్కన దించాడు. గాలి లేదు, తరంగం లేదు, బీరువా గొడవే లేదు. పరీక్ష పెట్టి చూపించాడు, ఆలస్యం ఉందా అంటే లేదనే చెప్పాలి. అతను వెళ్ళాక పెట్టె వైపు చూశాను. దీపం ఆరలేదు. మిణుకుమనడం కూడా మానేసి నిలకడగా వెలుగుతోంది. పెట్టె కూడా పాడైందనుకున్నాను. అలవాటు కదా.

ఆ ఆదివారం ప్రాక్టీసు మధ్యలో జుట్టు కళ్ళలో పడుతోందని రెండు చేతులూ ఎత్తి ముడి వేసుకోబోయాను. రబ్బరుబ్యాండు పళ్ళ మధ్య ఉంది. తెర మీద నా బొమ్మ గోడ దూకింది. ఎడమకి తిరిగింది, ఒకణ్ణి కాల్చింది, స్తంభం చాటుకి జరిగి తుపాకీ నింపుకుంది.

"మస్తుగ కొట్టినవ్ శాంభవీ," అంది ఝాన్సీ.

నా చేతులింకా తల మీదే ఉన్నాయి.

పెట్టె పీకి సంచిలో పడేసి అప్పటికప్పుడు ప్రయోగశాలకి వెళ్ళాను. ఆదివారమైనా అక్క అక్కడే ఉంది, నేలంతా వైర్లు పరుచుకుని. రఘురామ్ కిటికీ దగ్గర టీ తాగుతున్నాడు. జరిగింది చెప్పాను. అక్క పెట్టె విప్పి, అన్నీ తిప్పి తిప్పి చూసి, లోపమేమీ లేదంది.

"లోపం లేకపోతే నా బదులు ఎలా ఆడింది?"

"నీ నొక్కుడు రాలేదు కదా. ఇంకా దారిలో ఉందనుకుంది. అది వచ్చేదాకా నెట్టుకొచ్చింది."

"ఎంతసేపు అనుకుంటుంది అలాగ?"

"మామూలుగా నీకు ఎంత ఆలస్యమవుతూ ఉంటే దానికి కొన్ని రెట్లు," అని అక్క ఆగింది.

"ఇప్పుడు వైరు కదే. ఆలస్యమెక్కడుంది?"

అక్క నా చేతుల వైపు చూసింది. ఎందుకో నేను వాటిని చున్నీ కిందకి లాక్కున్నాను.

"నేను వైరొక్కటే కొలవలేదు శంభూ," అంది చివరికి. చిన్నప్పటి పిలుపది, భయపడితేనే అంటుంది. "తెర మీద బొమ్మ కదిలినప్పటి నుంచి నీ జవాబొచ్చేదాకా మొత్తం కలిపి కొలిచాను. మధ్యలో మనిషి ఉంటుంది కదా, ఆ మనిషి వేగం ఎప్పుడూ ఒక్కటేనని రాసేశాను. మేమంతా అలాగే రాస్తాం. మారేది నెట్టే అనుకుంటాం."

బల్ల మీంచి స్టీలు స్కేలు తీసి పై కొస పట్టుకుని నా వేళ్ళ మధ్య వేలాడదీసింది. "వదిలేస్తాను. పట్టుకో."

చిన్నప్పుడు ఈ ఆటలో అక్క నా మీద ఒక్కసారి కూడా గెలవలేదు. వదిలింది. స్కేలు నా వేళ్ళ మధ్యలోంచి జారి నేల మీద టంగుమంది. చెప్పకుండా వదిలావు అన్నాను. మళ్ళీ వదిలింది, మళ్ళీ పడింది. ఫ్యాను గాలికి కదులుతోంది అన్నాను. రఘురామ్ వెళ్ళి ఫ్యాను కట్టేశాడు. ఈసారి కళ్ళార్పకుండా చూశాను. అది కదలడం చూశాను, పట్టుకోవాలనుకున్నాను, పట్టుకున్నాను కూడా. పట్టుకునేసరికి నా వేళ్ళ మధ్య ఏమీ లేదు.

ఇంక అనడానికి నాకేమీ దొరకలేదు. అక్క నేల మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, చాలా కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

నరాల డాక్టరు అరుంధతిగారు నా మోచేతుల దగ్గరా మణికట్ల దగ్గరా చిన్న చిన్న షాకులిచ్చి చూశారు. నరాల మీద ఉండే పొరని నా ఒంట్లో రక్షణ కణాలే తినేస్తున్నాయన్నారు. పొర పోతే కబురు నెమ్మదిగా వెళుతుంది. మందుంది, నెలనెలా సెలైనులో ఎక్కిస్తారు. ఇక్కడితో ఆగుతుంది, కొంత వెనక్కి వస్తుంది.

"అంతా వస్తుందా?" అని అడిగింది అమ్మ.

"చెప్పలేనమ్మా. కాస్త ముందుగా వచ్చుంటే బావుండేది. ఇలాంటిది చేతులతో పనిచేసేవాళ్ళకి తొందరగా తెలిసిపోతుంది. ఈ అమ్మాయికి ఇన్నాళ్ళు ఎలా తెలియలేదో."

అక్క తలెత్తలేదు. తన పెట్టె నా జబ్బుని నాకన్నా ముందే కనిపెట్టింది, కనిపెట్టి నాకు తెలియకుండా సర్దేసింది. ఆ మాట అక్కకి నేను చెప్పక్కర్లేదు.

మర్నాడే అక్క హార్బరువాళ్ళకి ఫోను చేసి క్రేను ప్రయోగం ఆపించింది. నేను ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకుని వచ్చి ప్రయోగశాలలో పాత సోఫా మీద పడుకుని ఉన్నాను, వాళ్ళ వాదన వినపడుతోంది.

"ఒక్కళ్ళు కూడా కంప్లైంట్ ఇవ్వలేదు వైదేహీ," అన్నాడు రఘురామ్.

"ఎలా ఇస్తారు? ఆపరేటరు కునికిపాట్లు పడుతున్నా క్రేను బాగానే నడుస్తుంది. నడవకూడదు రఘూ. కింద మనుషులుంటారు."

"మూడేళ్ళ పని."

"నాకు తెలీదా?"

అతను తలుపు దబాలున వేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడులెండి, కానీ ఆ రోజుకి వెళ్ళిపోయాడు.

నా పెట్టె కూడా ఇచ్చెయ్యమంది అక్క. నేనివ్వలేదు. సెమీఫైనల్‌కి రెండు వారాలుంది.

"నీ సెమీస్ ఆడేది నువ్వు కాదే. అది ఆడుతుంది," అంది.

"అది ఆడేది నా ఆటే. నా దగ్గరే నేర్చుకుంది."

"అది నేర్చుకున్న నువ్వు వేరు. ఇప్పుడున్న నువ్వు వేరు."

"నాకు ఆ నేనే కావాలి," అని అరిచాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "నలుగురు పిల్లలు నా మీద ఆశ పెట్టుకున్నారు. నేనిప్పుడు వెళ్ళి నా చెయ్యి పనిచెయ్యట్లేదంటే, జూన్ నుంచి గెలిచినవన్నీ ఏమవుతాయి? కొలంబో పోతుంది. నా ఒక్కదానికే కాదు, అందరికీ. ఒక్క నెల ఆగు. ఆ తర్వాత దాన్ని సముద్రంలో పారెయ్యి."

అక్క పెట్టె నా ఒళ్ళో పెట్టింది. "నేను పీకను. నీ ఇష్టం," అంది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

సెమీఫైనల్ ఆదివారం. అమ్మ పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చుంది, అవసరం లేదన్నా వినలేదు. అక్క నా మంచం మీద చివర కూర్చుంది. దీపం నిలకడగా వెలుగుతోంది. మొదటి సగం మాదే. నేను వేళ్ళు కదుపుతున్నాను, అవి దేనికీ అక్కరకు రావని నాకు తెలుసు, అయినా కదుపుతున్నాను. రెండో సగంలో అవతలి జట్టు కోట తలుపు లోపల మాటు వేసింది.

"శాంభవీ, ఆగు," అంది ఝాన్సీ. "తలుపు దాటకు. ప్రత్యూష ఆ పక్క నుంచి వస్తున్నది. నేను చెప్పేదాంక ఆగు."

ఆమె చెప్పింది నిజం. నాకు మొత్తం కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఆగితే గెలుస్తాం. ముందుకి నడిపే మీట మీంచి వేలు తీసేశాను. నా జన్మలో మొదటిసారి గుమ్మం ముందు ఆగాలనుకున్నాను.

తెర మీద శాంభవి ఆగలేదు. దూకింది. ఆగాలన్న నా కోరిక వేలి దాకా వచ్చేలోపే వెళ్ళిపోయింది, ఎదురుగా కదిలినదాన్ని కాల్చేసింది. కదిలింది ప్రత్యూష. తర్వాత నా వేలి మాట వచ్చి చేరే ఉంటుంది, పెట్టె సరిచూసుకునే ఉంటుంది. పేలిన గుండుని ఎవరు వెనక్కి తెస్తారు?

"చెప్తే ఇనవా నువ్వు?" అంది ఝాన్సీ. "ఆగుమన్న కదా."

"ఆగాను," అన్నాను.

"ఏడ ఆగినవే?"

నేను ఆగాను. నిజంగా ఆగాను. ఈ భూమ్మీద ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా తెలివిలో వచ్చిన ఆ కాస్త మార్పుకీ ఈ ఆటలో చోటు లేదు. ఇంకో నెల కాదు, ఇంకో పదేళ్ళయినా ఆ పెట్టె నన్ను గుమ్మాలు దూకిస్తూనే ఉంటుంది, నేను కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. అప్పుడు భయం వేసింది నాకు. స్కేలు జారినప్పుడు కూడా అంత వెయ్యలేదు.

బల్ల కిందకి వంగాను. వైరు కొసన ప్లాస్టిక్ క్లిప్పుంటుంది, అది నొక్కితే ఊడి వస్తుంది. నా బొటనవేలికి అది దొరకలేదు. అక్క లేచింది గానీ ముట్టుకోలేదు. రెండుసార్లు జారింది, మూడోసారి ఊడింది. పెట్టెని పక్కకి నెట్టి వైరు తిన్నగా కంప్యూటరుకి గుచ్చాను. తెర కాసేపు నల్లబడి మళ్ళీ వచ్చింది.

వచ్చాక నేనెలా ఉన్నానో అప్పుడు చూశాను. కుడికి అంటే కాసేపటికి కుడికి తిరుగుతోంది. కూర్చోమంటే ఆలోచించి కూర్చుంటోంది. ఒకడు ఎదురొచ్చాడు, నేను కాల్చేలోపు వాడు కాల్చి, దాటిపోయి, అవతల మలుపు కూడా తిరిగాడు. బతికిపోయాను, ఎలాగో తెలియదు. కొసప్రాణంతో మెట్ల కిందకి పాక్కుంటూ చేరాను.

"శాంభవీ, ఏమైంది? నెట్ పోయిందా?" అంది ఝాన్సీ.

"ల్యాగ్ అయ్యుంటుంది," అంది ప్రత్యూష. చచ్చిపోయి కూడా నన్ను వెనకేసుకొస్తోంది. "తన తప్పు కాదులే. ఇందాకటిది కూడా ల్యాగే అయ్యుంటుంది."

అవునంటే చాలు. ఆ ఒక్క మాట మా లోకంలో ఎవరూ కాదనరు. అక్క నా వెనకే నిలబడి ఉంది. తర్వాత జరిగినవన్నీ జరిగాయి. ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఝాన్సీ నిర్వాహకులకి తనే ఫోను చేసి జూన్ నుంచి గెలిచినవన్నీ వదులుకుంది. హైదరాబాదు పిల్లలిద్దరూ నాతో ఈరోజుకీ మాట్లాడరు, వాళ్ళ తప్పు లేదు. కానీ మెట్ల కింద కూర్చున్న ఆ నిమిషంలో అవేవీ నాకు తెలియవు.

"నెట్ బాగానే ఉంది," అన్నాను. "నేనే నెమ్మది అయిపోయాను. నా చేతులు బాలేవు ఝాన్సీ. జూన్ నుంచీ ఆడుతున్నది నేను కాదు. అంతా చెబుతాను. ఇప్పుడాడుతున్నది మాత్రం నేనే."

హెడ్‌ఫోనులో ఎవరి గదిలోనో ఫ్యాను చప్పుడు వినపడుతోంది. వాళ్ళు వెళ్ళిపోయారేమో అనుకున్నాను.

"ఎంత నెమ్మది?" అంది ఝాన్సీ, ఎప్పటికో.

"చాలా."

"ఏడున్నవిప్పుడు?"

"మెట్ల కింద."

ఆమె గొంతు సవరించుకుంది.

"సరే. ఆడనే ఉండు. మేమే వస్తున్నం."

బయట అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. మా వాళ్ళవో, అవతలివాళ్ళవో నాకు తెలియలేదు. వేళ్ళు మీటల మీదే ఉంచి, కదలకుండా కూర్చున్నాను.